నిర్మల కుటీరం, బంగారు చెంబు

నల్లగుంట్లపాలెం ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాలలో కొత్త మరుగుదొడ్డికి జరిగినంత వైభవంగా ఆ ఊళ్ళో ఈమధ్య పెళ్ళి కూడా జరగలేదు. గుమ్మానికి పసుపు రాశారు, మామిడాకులు కట్టారు. మండల పరిశుభ్రతా సమన్వయాధికారి గోవర్ధనగిరి గారు రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, చెప్పులు బయట విడిచి లోపలికి తొంగిచూసి, "ఆహా! అద్దంలా ఉంది" అన్నారు. నిజంగానే అద్దంలా ఉంది. నేలంతా తెల్ల టైల్సు, గోడలకి లేత నీలం టైల్సు, పిల్లల ఎత్తుకి సరిపోయే కుళాయిలు. ఆడపిల్లలకి ఒక వైపు, మగపిల్లలకి ఒక వైపు. అంతకు ముందు ఆ బడికి మరుగుదొడ్డి అంటే ప్రహరీ వెనక కంపచెట్లే గనక, పిల్లలు ఆ రోజు ఎవరూ చెప్పకుండానే చప్పట్లు కొట్టారు.

దాన్ని మరుగుదొడ్డి అని పిలవరాదని గోవర్ధనగిరి గారు ఆ సభలోనే హెచ్చరించారు. పథకం పేరు నిర్మల కుటీర మహోన్నతి పథకం. కాబట్టి దాని పేరు నిర్మల కుటీరం. జిల్లాలో ఏ బడి కుటీరం అన్నిటికంటే పరిశుభ్రంగా ఉంటుందో ఆ బడికి బంగారు చెంబు బహూకరిస్తారు. బంగారమంటే పూతే లెండి. అయినా కరపత్రం మీద ఆ చెంబు బొమ్మ చూడగానే హెడ్మాస్టరు దైవాధీనం గారికి నోట్లో నీళ్ళూరాయి. రిటైరయ్యేలోగా అది తన బల్ల మీద, గ్లోబు పక్కన ఉండి తీరాలనుకున్నారు. జనం చెంబులు పట్టుకుని పొలాల్లోకి పోవడం మాన్పించే పథకానికి బహుమతిగా చెంబే ఎందుకిస్తున్నారో నాలుగో తరగతి టీచరు సులోచనకి అర్థం కాలేదు. అడుగుదామని లేవబోయి, పక్కనున్నవాళ్ళు మళ్ళీ చప్పట్లు కొడుతుంటే తనూ కొట్టి కూర్చుంది.

సులోచనకి మంచి టీచరమ్మ అని పేరు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, ఎదురు చెప్పదు. ఒక్కగానొక్క కూతురు ఇందుప్రియని ప్రైవేటు బడికి పంపకుండా తన క్లాసులోనే కూర్చోబెట్టుకుంది. బడి గేటు దాటాక అమ్మా అని పిలవకూడదు, టీచర్ అనే పిలవాలి. ఇందు ఏనాడూ ఆ మాట తప్పలేదు. పిల్ల కూడా తల్లిలాగే చెప్పినట్టు వినే రకం. ఆ వినడమే కొంప ముంచింది గానీ, అది తర్వాత సంగతి.

మొదటి తనిఖీలో బడికి రెండో స్థానం వచ్చింది. మార్కులు తగ్గడానికి కారణం కింద 'వినియోగ చిహ్నం: తడి పాదముద్ర' అని రాశారు. ఎవరో పిల్ల కాళ్ళు కడుక్కుని బయటికొస్తూ వేసిన అడుగది. దైవాధీనం గారు ఆ ముద్ర ముందు చాలాసేపు గొంతుక్కూర్చుని, ఎవరి కాలో పోల్చుకోవడానికి ప్రయత్నించారు. మర్నాడు స్టాఫు మీటింగు పెట్టారు.

"కుటీరం ఎందువలన మలినమవుతున్నదీ అన్న విషయమై నేను లోతుగా పరిశీలన జరిపితిని. నీటి వల్లనా? కాదు. దుమ్ము వల్లనా? కాదు. సమస్యకు మూలకారణం పిల్లలు" అన్నారాయన.

అందరూ తలలూపారు. కాదనడానికి లేదు మరి.

"కావున మూలకారణాన్ని కుటీరానికి దూరంగా ఉంచవలసి యున్నది. సులోచనమ్మా, మీరు కుటీర సంరక్షణ సంఘం కన్వీనరు. ఇదుగో తాళంచెవి."

సులోచన తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఆ మధ్యాహ్నమే కుటీరం రెండు తలుపులకీ ఆ ఒక్క చెవితోనే తెరుచుకునే రెండు తాళాలు పడ్డాయి. మరీ అవసరమైతే తెరవొచ్చని ఒక వెసులుబాటు మాత్రం ఉంచారు. పిల్ల చెయ్యెత్తాలి, అవసరం ఎటువంటిదో క్లాసు ముందు వివరించాలి, ఆ అవసరం నిజమేనని ఇద్దరు తోటి విద్యార్థులు సాక్ష్యం చెప్పాలి, దాని మీద హెడ్మాస్టరు గారు ఆలోచించి ఒక నిర్ణయానికి రావాలి. ఆయన నిదానస్తులు. సాధారణంగా ఆయన నిర్ణయానికి వచ్చేసరికి లాంగ్ బెల్ కొట్టేసేవాళ్ళు.

మగపిల్లలకి పెద్ద ఇబ్బంది లేకపోయింది. వాళ్ళు కుటీరం వెనక గోడని ఆశ్రయించారు. గోడ పాకుడు పట్టి, ఆ పక్కకి వెళ్ళాలంటే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. తనిఖీ లోపలికే గాని బయటికి లేదు కనుక దైవాధీనం గారు దాన్ని పట్టించుకోలేదు. ఆయనా అక్కడికే వెళ్ళేవారని పిల్లలు చెప్పుకునేవారు. ఆడపిల్లలకి ఆ గోడా లేదు. ఇదివరకటి కంపచెట్లేమో కుటీరం ఫొటోలో అందంగా పడదని కొట్టించేశారు. వాళ్ళు పొద్దున్నించి సాయంత్రం దాకా ఓర్చుకోవడం నేర్చుకున్నారు.

తర్వాతి తనిఖీలో మండలంలో మొదటి స్థానం వచ్చింది. దండలు వేశారు. దాంతో జిల్లా తుది పోటీకి దారి తెరుచుకుంది, హెడ్మాస్టరు గారి బుర్ర కూడా మరికాస్త తెరుచుకుంది.

"తాళం వేయుట అనేది చికిత్స మాత్రమే" అన్నారు ప్రార్థన సమయంలో. "మనకు కావలసినది నివారణ. మూత్రము ఎక్కడి నుంచి వచ్చుచున్నది? నీటి నుంచి. నీరు ఎక్కడి నుంచి వచ్చుచున్నది?"

"బాటిల్లోంచి సార్!" అని అరిచారు పిల్లలు.

ఆ రోజు నుంచి ఇంటి నించి తెచ్చిన నీళ్ళ బాటిల్ని సాయంత్రం నిండుగా ఇంటికి తీసుకుపోయిన పిల్లలకి 'నిండు సీసా' అనే బ్యాడ్జీ పెట్టసాగారు. సీసా ఆకారంలో నీలం రంగు అట్టముక్క, దాని మీద వెండి నక్షత్రం. రోజూ ప్రార్థనలో ప్రతిజ్ఞ అయ్యాక ఇంకో ప్రతిజ్ఞ చేయించేవారు: "నిర్మల కుటీరం నా బడికి కిరీటం. దానిని నేను కన్నతల్లిలా గౌరవిస్తాను. ఎంత కష్టమొచ్చినా దాని గుమ్మం తొక్కను." డ్రిల్లు పీరియడులో నిగ్రహాసనం నేర్పారు. కాలు మీద కాలు వేసుకుని, పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని ఎడారిని తలుచుకోవాలి. ఎడారి ఎట్టా ఉండిద్దో తెలియని పిల్లల కోసం గోడ మీద ఒంటె బొమ్మ వేయించారు. ఐదో తరగతి తెలుగువాచకంలో జలపాతం పాఠం చెబుతుంటే పిల్లలు కుదురుగా ఉండలేకపోతున్నారని తెలిసి, ఆ పాఠాన్ని తుది తనిఖీ అయ్యేదాకా వాయిదా వేశారు.

నిండు సీసా బ్యాడ్జీ వారం వారం ఇందుకే వచ్చింది. సులోచన స్వయంగా కూతురి యూనిఫాంకి పిన్నీసుతో గుచ్చి, వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయేది. సాయంత్రం ఇంటికి రాగానే ఆ నిండు బాటిల్లో నీళ్ళు తులసికోటలో పోసేది. ఆ ఏడు తులసి ఏపుగా పెరిగింది.

పిల్ల మాత్రం ఎందుకో వాడిపోయింది. ఇంటికి వస్తూనే బ్యాగు గుమ్మంలో పడేసి బాత్రూములోకి పరిగెత్తేది. వచ్చి కూర్చుని, మళ్ళీ లేచి వెళ్ళేది. మళ్ళీ వెళ్ళేది. వెళ్ళిన ప్రతిసారీ రెండు చుక్కలే.

"ఏందే, బాత్రూముకి ఇంట్లోకి కాలుగాలిన పిల్లిలాగా ఊరికే తిరగతా ఉన్నావ్? హోంవర్కు ఎగ్గొట్టడానికేగా?" అని కసిరింది సులోచన.

"మండుతందమ్మా" అంది ఇందు.

సులోచన అత్తగారు కోటమ్మ పీట మీద నుంచి తీర్పు చెప్పింది. "వేడి చేసిందే పిల్లకి. మాడుకి ఆముదం పెట్టు. సబ్జా గింజలు నానబోసి తాగించు. మామిడి పచ్చడి ఎయ్యబాక."

మాడుకి ఆముదం పెట్టారు. సబ్జా నీళ్ళు సాయంత్రాలు మాత్రమే తాగించారు. పగలు తాగితే బ్యాడ్జీ పోతుంది కదా. తర్వాత పిల్ల పొత్తికడుపు పట్టుకుని మూలగడం మొదలెట్టింది. కోటమ్మ దిష్టి తీసింది. ఎప్పుడో ఊయల మానిన నాటి నుంచీ పక్క తడపని పిల్ల ఉన్నట్టుండి పక్క తడిపింది. సులోచనకి కోపం నషాళానికి అంటింది. "నాలుగో క్లాసు చదివే పిల్లవి, సిగ్గు లేదా? బళ్ళో తెలిస్తే నీ నక్షత్రం ఊడబెరుకుతారు!" అని తిడుతూ దుప్పటి ఉతికింది. ఇందు గోడవైపు తిరిగి ఏడ్చింది. దుప్పటి నించి వస్తున్న వాసన మామూలు వాసన కాదని సులోచనకి ఆ కోపంలో తట్టలేదు.

ఆదివారం పొద్దున పిల్లకి చలి పుట్టుకొచ్చి ఒళ్ళు కాలిపోయింది. జలుబు లేదు, దగ్గు లేదు. జ్వరం బిళ్ళ వేస్తే వాంతి చేసుకుంది. నడుము పక్కన నొప్పని మెలికలు తిరిగింది. "ఇది వేడి కాదే అమ్మాయ్, నాకు భయమేస్తంది" అని కోటమ్మే ఆటోని కేకేసింది.

ఏరియా ఆసుపత్రిలో పిల్లల డాక్టరు పద్మాక్షి గారు మాటకారి. ఇందు పొట్ట నొక్కి చూస్తూనే ప్రశ్నలు మొదలెట్టింది. పక్క తడుపుతోందా, మంటగా ఉందా, మాటిమాటికీ వెళ్తోందా, వాసన వస్తోందా, విరోచనం సరిగ్గా అవుతోందా అని అడిగింది. అన్నిటికీ సులోచన అవునవును అంది, విరోచనం మాత్రం సరిగ్గా కావట్లేదని చెప్పింది.

"ఏ బడమ్మా?"

"నల్లగుంట్లపాలెం గవర్నమెంటు బడండీ. నేనక్కడే టీచర్ని."

"మీ బడికి ప్రైజు వచ్చిందా?"

సులోచన ఆ కంగారులోనూ కాస్త నిటారుగా కూర్చుంది. "మండలంలో మొదటిదండీ. మీకెట్టా తెలుసు? పేపర్లో చూశారా?"

"ఏ బడికి ప్రైజొచ్చిందో తెలుసుకోటానికి నాకు పేపరెందుకమ్మా? ఓపీ చాలు" అంది డాక్టరు. "రెండో ప్రైజు బడి నుంచి వచ్చిన పిల్ల నిన్ననే ఇంటికి పోయింది. ప్రైజు రాని బళ్ళ నించి ఎవరూ రారు. వెళ్ళి మూత్రం పట్టుకురండి, పరీక్ష చేయించాలి."

ఆసుపత్రి బాత్రూము ఏ అధికారీ రిబ్బను కత్తిరించనిది. తలుపుకి గడియ సగమే పడుతుంది, బకెట్టుకి చెవి లేదు. ఇందు గుమ్మం దగ్గర ఆగిపోయి, చేతిలో డబ్బాతో తల్లి మొహంలోకి చూసింది.

"అమ్మా, దీనికి ప్రైజు రాలేదుగా?"

"రాలేదమ్మలూ."

"ముందుకి వచ్చిద్దా?"

"దీనికి ఏ జన్మకీ రాదు. లోపలికి పో" అంది సులోచన. అని, తలుపు బయట నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. అంత జ్వరంలో కూడా పిల్ల అనుమతి ఉందో లేదో కనుక్కున్నాకే లోపలికి పోయింది. అది తనే నేర్పింది. కొంగు నోట్లో పెట్టుకున్నప్పుడు తాళంచెవి పళ్ళకి తగిలి టక్కుమంది.

పరీక్షలో చీము కణాలు కనిపించాయి. మూత్రంలో ఇన్ఫెక్షను, అది కిడ్నీ దాకా ఎక్కింది. పిల్లని ఆసుపత్రిలో ఉంచి సూది మందులు ఎక్కించారు. జ్వరం తగ్గుముఖం పట్టాక డాక్టరు సులోచనని కూర్చోబెట్టి చెప్పింది.

"ఆడపిల్లల్లో ఇది తొందరగా వచ్చుద్ది టీచర్ గారూ. మూత్రం బిగపట్టుకుంటే లోపల నిలవున్నచోట క్రిములు పెరుగుతాయి. నీళ్ళు తాగకపోతే వాటిని బయటికి తోసేది ఏదీ లేదు. మలబద్ధకం దానికి తోడు. మంటంటే, పొత్తికడుపు నొప్పంటే, మానేసిన పిల్ల మళ్ళీ పక్క తడిపితే, జలుబూ దగ్గూ లేకుండా జ్వరమొస్తే, ముందు మూత్రం పరీక్ష చేయించాలి. దిష్టి తర్వాత తీసుకోవచ్చు. తగ్గింది కదాని మందు మధ్యలో ఆపొద్దు, రాసిందంతా వాడాలి. కడుక్కునేటప్పుడు ముందు నించి వెనక్కి కడుక్కోమను. అన్నిటికంటే ముఖ్యం, నీళ్ళు బాగా తాగాలి, వచ్చినా రాకపోయినా రెండు మూడు గంటలకోసారి వెళ్ళి రావాలి."

"మళ్ళీ వస్తే ఏమవుద్దండీ?"

"ఈసారికి దక్కించుకున్నాం. మాటిమాటికీ వస్తే కిడ్నీ మీద మచ్చలు పడతాయి. చిన్నపిల్ల, దానికి ఆ రెండే ఉన్నాయి, చాలాకాలం వాడుకోవాలి."

సులోచన తల దించుకుంది. డాక్టరు గొంతు తగ్గించి, "మీరు బళ్ళో నీళ్ళు తాగుతారా?" అని అడిగింది. సులోచన ఆలోచించింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ బళ్ళో గుక్కెడు నీళ్ళు తాగిన గుర్తు లేదు. పొద్దున ఇంట్లో కాఫీ కూడా సగమే తాగి బయల్దేరేది. తన తల్లి పొలం పనికి పోయే రోజుల్లోనూ అంతే. అది ఆడవాళ్ళ పద్ధతి అనుకుంది తప్ప, అదొక జబ్బుకి తొలిమెట్టని ఎవరూ చెప్పలేదు. ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఇందు బడికి తిరిగి వచ్చే రోజున సులోచన డాక్టరు చీటీ తీసుకుని హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. జిల్లా తనిఖీ దగ్గర పడటంతో గోవర్ధనగిరి గారు కూడా అక్కడే ఉన్నారు. బల్ల మీద గ్లోబుని పక్కకి జరిపి చెంబు పెట్టడానికి చోటు కొలుస్తున్నారిద్దరూ.

"రెండు మూడు గంటలకోసారి కచ్చితంగా పంపమన్నారు సార్. ఒక్క మా అమ్మాయినే కాదు, పిల్లలందర్నీ" అంది సులోచన.

దైవాధీనం గారు చీటీ చదివి, అయ్యో పాపం అన్నారు. పిల్లంటే ఆయనకీ జాలే. "కానీ సులోచనమ్మా, డాక్టరు గారి అధికార పరిధి ఆసుపత్రి వరకే. కుటీరము వారి పరిధిలోనికి రాదు."

"మూత్రం పొయ్యకపోతే కిడ్నీలు పోతాయి సార్!"

గోవర్ధనగిరి గారు చెయ్యెత్తి ఆపారు. "ఆవేశపడకండి మేడం. పథకం మార్గదర్శకాలు ఆసాంతం నేను చదివియున్నాను. పునాది ఉంది, పైకప్పు ఉంది, టైల్సు ఉన్నాయి, పరిశుభ్రత ఉంది, ఫొటోగ్రాఫు ఉంది. మూత్రం అనే పదం ఎక్కడా లేదు. లేని అంశానికి మేమెట్లా అనుమతి ఇవ్వగలం?"

"మరి ఎందుకు కట్టినట్టు సార్ దాన్ని?"

ఆ ప్రశ్నకి ఇద్దరూ కాస్త నొచ్చుకున్నారు. "పరిశుభ్రంగా ఉంచడానికి" అన్నారు గోవర్ధనగిరి గారు, చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా.

దైవాధీనం గారు మధ్యేమార్గం కనిపెట్టారు. ఎదురింటి వాళ్ళ బాత్రూము పోటీలో లేదు కాబట్టి ఇందుని అక్కడికి పంపుకోవచ్చు. మిగతా పిల్లలకి నిగ్రహాసనం ఇంకో పీరియడు పెంచుతారు. తుది తనిఖీ రోజున మాత్రం ఏ ఒక్కరూ ఎటూ కదలకూడదు, ముందురోజు సాయంత్రం నించే ఎవ్వరూ పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు.

"వినియోగ చిహ్నం ఒక్కటి కనబడినా ఏమవుతుంది సార్?" అని అడిగింది సులోచన, గుమ్మం దాటబోతూ.

గోవర్ధనగిరి గారి మొహం పాలిపోయింది. "ఆ మాట అనకండి. తుది పోటీలో గనక అలాంటిది కనబడితే బడిని శాశ్వతంగా అనర్హం చేస్తారు. ఇక ఏ తనిఖీ రాదు, ఏ ప్రైజూ రాదు. ఆ కుటీరం ముఖం చూసేవాడు కూడా ఉండడు."

"ఏ జన్మకీ ప్రైజు రాదంటారు" అంది సులోచన.

"ఏ జన్మకీ రాదు."

ఆ మాట ఆమె చెవుల్లో గింగురుమంది. ఆసుపత్రి గుమ్మంలో డబ్బా పట్టుకు నిలబడిన కూతురు కళ్ళముందు కదిలింది. ఇంటికెళ్ళి, కోటమ్మ ఏం జరిగిందే అని అడిగినా చెప్పకుండా, కొంగు ముడి విప్పి తాళంచెవి చింతపండు పెట్టి తళతళా తోమింది.

తనిఖీ రోజు బడి పెళ్ళిపందిరిలా ఉంది. కుటీరానికి బంతిపూల దండ వేసి, గుమ్మంలో అగరొత్తులు గుచ్చారు. మైదానంలో పిల్లల్ని వరసల్లో నిలబెట్టారు. బస్సు దిగిన జిల్లా బృందానికి కొబ్బరి బొండాలు, మజ్జిగ, టీ ఇచ్చారు. ఎండలో నిలబడ్డ పిల్లలు ఆ బొండాల వైపు చూడకుండా ఒంటె బొమ్మ వైపు చూశారు. పొద్దున్న ఇందు చేత గ్లాసుడు నీళ్ళు తాగించి పంపింది సులోచన. వద్దమ్మా, సార్ తాగొద్దన్నారు అంటే, అమ్మ తాగమంది అని తాగించింది.

దైవాధీనం గారు మైకు పుచ్చుకున్నారు. "అధ్యక్షా! మా కుటీరంలో గత తనిఖీ మొదలు నేటి వరకు నీటిబొట్టు పడలేదని, మానవ పాదం మోపబడలేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. సృష్టిలో ఇంత పవిత్రమైన..."

వరసలో ఇందు కాలు మీద కాలు వేసింది. పళ్ళు బిగించింది. గౌను చివర పిడికిట్లో నలుపుతోంది. ఆమె వెనక ఇంకో పిల్లా అంతే. ఆ వెనక మూడో క్లాసు పిల్ల కళ్ళు మూసుకుని ఎడారిని తలుచుకుంటోంది, కళ్ళ చివర్ల నించి మాత్రం నీళ్ళు కారుతున్నాయి. సులోచన చూస్తూనే ఉంది. గేటు లోపల ఎన్నడూ అనని మాట ఇందు నోట్లోంచి వచ్చింది.

"అమ్మా!"

సులోచన తాళంచెవి చేతిలోకి తీసుకుంది. ఎదురు చెప్పడం ఆమెకి అలవాటు లేదు. అయినా నడిచి వెళ్ళి, దండ పక్కకి తీసి, ఒక తాళం తీసింది. రెండో తాళం తీసింది. అధికారులు లోపల చూడటానికి తెరుస్తోందనుకుని దైవాధీనం గారు చిరునవ్వుతో ఆమెకి దారిచ్చారు.

"పో ఇందూ" అంది సులోచన. "తీరిగ్గా పోసుకుని, చేతులు కడుక్కుని రా."

ఇందు పరిగెత్తింది. దాని వెనక రెండో పిల్ల పరిగెత్తింది. మూడో క్లాసు పిల్ల కళ్ళు తెరిచి, ఎడారిలో నించి ఒక్క దూకు దూకింది. ఇక వరసలు నిలవలేదు. అగరొత్తులు తొక్కుకుంటూ, బంతిపూలు కాళ్ళకి చుట్టుకుంటూ ఆడపిల్లలంతా కుటీరంలోకి దూరారు. మగపిల్లలు వెనక గోడకి అలవాటుగా పోబోయి, ముందు తలుపు తెరిచుందని తెలిసి వెనక్కి తిరిగి వచ్చారు. లోపల నించి పిల్లల నవ్వులు, కుళాయి చప్పుళ్ళు వినిపించాయి. ఉన్నట్టుండి భళ్ళున ఏదో శబ్దం వచ్చింది.

దైవాధీనం గారు మైకు పట్టుకునే ఉలిక్కిపడ్డారు. "ఏందమ్మా ఆ చప్పుడు? ఏం కూలింది?"

"ఏం కూల్లేదు సార్. అది ఫ్లష్" అంది సులోచన.

ఆయన ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి.

బృందం లోపలికి వెళ్ళి చూసి వచ్చింది. గోవర్ధనగిరి గారు తడి నేల మీద అడుగులు లెక్కపెట్టబోయి, ఒకదాని మీద ఒకటి పడి ఉండటంతో మానేశారు. బృందం నాయకుడు గొంతు సవరించుకుని అక్కడికక్కడే తీర్పు చదివాడు. "తనిఖీ సమయమున కుటీరము వినియోగములో నున్నట్లు ప్రత్యక్షముగా గమనించడమైనది. ఇది పథకం స్ఫూర్తికి పూర్తి విరుద్ధము. ఈ పాఠశాలను శాశ్వతముగా అనర్హముగా ప్రకటించడమైనది." సులోచనకి మెమో ఇస్తామన్నారు. కుటీరం గోడ మీద ఇతర బళ్ళకి బుద్ధి వచ్చేలా ఎర్ర అక్షరాలతో 'అనర్హం' అని రాయించి వెళ్ళారు. బంగారు చెంబు రెండో ప్రైజు బడికి పోయింది. అక్కడ వాళ్ళు దానికి కూడా తాళం వేశారట.

మెమో వచ్చింది. సంజాయిషీ అడిగితే, పిల్లకి మూత్రం వచ్చింది కనుక తలుపు తీశాను అని ఒక్క వాక్యం రాసింది సులోచన. మార్గదర్శకాల్లో మూత్రం అనే పదం లేకపోవడంతో దాని మీద ఏం చర్య తీసుకోవాలో తెలియక ఆ సంజాయిషీ ఇప్పటికీ ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి తిరుగుతోంది. తాళంచెవి మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు. పథకంలో లేని గదికి తాళంతో ఎవరికేం పని?

వేసవి సెలవులయ్యాక పక్క ఊళ్ళ నించి తల్లులు ఆడపిల్లల్ని చేయి పట్టుకుని రావడం మొదలెట్టారు. "ఎర్ర అక్షరాల బడి ఇదేనాండీ? ప్రైజు రాదంటగా? పద్మాక్షి డాక్టరు గారు ఇక్కడే చేర్చమన్నారు" అని అడిగేవాళ్ళు. దైవాధీనం గారు మొదట్లో మొహం చాటేశారు. పిల్లల సంఖ్య పెరిగాక, "అవునమ్మా, మాది శాశ్వతంగా అనర్హం, జిల్లాలో మరొకటి లేదు" అని కాస్త గొప్పగానే చెప్పుకోసాగారు. ఒకరోజు ఇంటర్వెల్లులో ఆయన కుటీరం దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "సులోచనమ్మా, వెనక గోడ దగ్గర జారుతా ఉంది... లోపల ఖాళీ ఉందా?" అని అడిగారు.

"లైన్లో నిలబడండి సార్" అంది సులోచన.

ఆయన మగపిల్లల లైనులో, ఒకటో తరగతి కుర్రాడి వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బ్యాగు సర్దుతుంటే నిండు సీసా బ్యాడ్జీ అడుగున నలిగిపోయి కనిపించింది. సులోచన దాన్ని తీసి పొయ్యిలో పారేసింది. నీళ్ళ బాటిల్ తీసి అలవాటుగా తులసికోట దగ్గరికి వెళ్ళి వంచింది. ఏమీ పడలేదు. మూత విప్పి లోపలికి చూసింది, చుక్క లేదు. గుమ్మంలో ఇందు జారిపోతున్న రిబ్బను పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా, రేపు పెద్ద బాటిల్ ఇవ్వవా? ఇది మధ్యాన్నానికే అయిపోతంది."

సులోచన ఆ ఖాళీ బాటిల్ని గుండెకి హత్తుకుని, ఏడుపు ఆపుకోలేక, అక్కడే అరుగు మీద కూర్చుంది. "తులసికి నీళ్ళు పొయ్యలేదేందే ఇయ్యాల?" అని లోపల నించి కోటమ్మ కేకేసింది.